గోస్తనీ వెంట పైకి, తాండవ వెంట కిందికి

సముద్రం నుంచి కొండకు, కొండ నుంచి మళ్ళీ సముద్రానికి... ఉత్తరాంధ్రలో రెండు నదుల నడుమ ఒక బండి దారి

బొర్రా గుహల మెట్ల మీద నిలబడి చెవి పెడితే అడుగున ఎక్కడో నీటి సవ్వడి వినిపిస్తుంది. అది గోస్తని. అనంతగిరి కొండల్లో పుట్టి, సున్నపురాయిని తొలుచుకుంటూ దిగి, తాటిపూడి జలాశయంలో కాస్త నిలిచి, పద్మనాభం పక్కగా పారి, తగరపువలస వంతెన కింద నుంచి పోయి భీమిలి దగ్గర సముద్రంలో కలుస్తుంది. విశాఖ నుంచి అరకు వెళ్ళేవాళ్ళు ఎక్కువగా పెందుర్తి, కొత్తవలసల మీదుగా లారీల వెనక పొగ మింగుతూ పోతారు. మోటారు సైకిలున్నవాడికి ఆ ఖర్మేం లేదు. నది సముద్రంలో కలిసేచోట మొదలుపెట్టి, దానికి ఎదురెళ్ళి, పుట్టినచోటికి చేరుకోవచ్చు. అక్కడి నుంచి పాడేరు మీదుగా మన్యం దాటి లంబసింగి ఘాట్ దిగితే తాండవ నది పరీవాహకం. దాని వెంట తుని, ఆపైన మళ్ళీ సముద్రపు ఒడ్డు, ఉప్పాడ మీదుగా కాకినాడ. అంతా కలిపి సుమారు 400 కిలోమీటర్లు. కారులో రెండు రోజుల్లో చుట్టేయొచ్చు. బండి మీదైతే నాలుగు రోజులు పెట్టుకోండి. అంతకంటే తొందరగా వెళ్ళాలంటే ఈ దారి ఎందుకు, జాతీయ రహదారి ఉండనే ఉంది.

ముందే ఒక మాట. ఈ దారుల్లో ఒక్కటి కూడా మనం చూసి ముచ్చటపడాలని వేసింది కాదు. కొండల్లోకి రైలు ఇనప ఖనిజం కోసం వచ్చింది. ఘాట్ రోడ్డు వెట్టిచాకిరీతో వచ్చింది. ఒడ్డున ఉన్న రోడ్డు మీద చేపలూ రొయ్య పిల్లలూ ప్రయాణం చేస్తాయి. షికారు మనం తరవాత పెట్టుకున్న పని. ఆ సంగతి గుర్తుంచుకుని వెళితే ప్రతి మలుపులోనూ చూడాల్సింది ఇంకొంచెం ఎక్కువ కనిపిస్తుంది.

ఉప్పుగాలి దారి

ఆర్కే బీచ్‌లో కురుసుర జలాంతర్గామి దగ్గర నుంచి భీమిలి 30 కిలోమీటర్లకు కాస్త తక్కువ. తెల్లవారుజామునే బయల్దేరాలి. ఎనిమిది దాటితే రుషికొండ దాకా కాలేజీ బస్సులు, ఆదివారమైతే సెల్ఫీల జనం. పొద్దున్నే వెళితే జోడుగుళ్ళపాలెం దగ్గర వలలు లాగేవాళ్ళ కేకలు, మంగమారిపేట దగ్గర ఒడ్డుకు చేరిన పడవల చుట్టూ చేపల పాట. ఎడమచేతి వైపు తొట్లకొండ. 1970లలో నౌకాదళం సర్వే చేస్తుంటే ఆ కొండ మీద రెండువేల ఏళ్ళ నాటి బౌద్ధారామం ఆనవాళ్ళు బయటపడ్డాయి. పైకి బండి వెళుతుంది. అక్కడి నుంచి కిందికి చూస్తే ఆ భిక్షువులకు చోటు ఎంచుకోవడం ఎంత బాగా తెలుసో అర్థమవుతుంది.

ఇంకాస్త ముందుకెళితే ఎర్రమట్టి దిబ్బలు. గాలి మోసుకొచ్చిన ఇసుక వేల ఏళ్ళుగా పేరుకుని, అందులోని ఇనుము తుప్పుపట్టి ఎర్రబారి, వాన నీటికి కోసుకుపోయి లోయలుగా మారిన చోటు. భారత భూగర్భ సర్వేక్షణ సంస్థ దీన్ని భూవారసత్వ స్థలంగా గుర్తించింది. 2025లో యునెస్కో తాత్కాలిక జాబితాలోకీ ఎక్కింది. సినిమావాళ్ళు ఎప్పటినుంచో వాడుకుంటున్నారు. బాధ ఏమిటంటే, దిబ్బల మీదికి బండి ఎక్కించి వీడియో తీసుకోవడం కొందరికి సరదా. ఒక్క చక్రం జాడ పడితే తర్వాతి వానకు అదే కాలువ అవుతుంది. బండి రోడ్డు మీదే ఆపి నడిచి వెళ్ళడం మర్యాద.

ఈ దారిలో కష్టపెట్టేవి రెండు. ఒకటి, రోడ్డు మీదికి కొట్టుకొచ్చే ఇసుక. మలుపులో సన్నటి పొరలా పరుచుకుని ఉంటుంది, కంటికి ఆనదు. ముందు బ్రేకు పట్టారో, బండి పక్కకు జారుతుంది. రెండోది ఉప్పు. సముద్రపు గాలిలో ఓ రోజంతా తిరిగిన బండిని మంచినీళ్ళతో కడిగి, చెయిన్ తుడిచి నూనె పెట్టకపోతే తెల్లారేసరికి లింకుల మీద ఎర్రటి పొడి. భీమిలిలో ఏ మెకానిక్ షెడ్డుకు వెళ్ళినా చెప్పే మొదటి మాట ఇదే.

భీమిలి చూడ్డానికి నిదానమైన ఊరు, చరిత్రలో మాత్రం తొందరపడ్డ ఊరు. డచ్చివాళ్ళు 17వ శతాబ్దంలోనే ఇక్కడ వర్తకం పెట్టారు. వాళ్ళ సమాధులు ఇప్పటికీ ఉన్నాయి. 1861లోనే పురపాలక సంఘం ఏర్పడింది. లైట్‌హౌస్ దాటి కిందికి దిగితే గోస్తని సముద్రంలో కలిసే చోటు. వేసవిలో ఇసుక మేట అడ్డం పడి నది ఆగిపోయినట్టు కనిపిస్తుంది. వానలకు మళ్ళీ దారి చేసుకుంటుంది.

చెరుకు, తాటితోపు, ఒక యుద్ధం

భీమిలి నుంచి తగరపువలస. మూతపడ్డ చిట్టివలస జూట్ మిల్లు గోడలు దాటాక జాతీయ రహదారిని అడ్డంగా కోసుకుని పద్మనాభం రోడ్డు ఎక్కితే లోకం మారిపోతుంది. తాటితోపులు, చెరుకు చేలు, మామిడి, జీడిమామిడి. ఇరుకు రోడ్డు. ఎదురుగా ఎడ్లబండి వస్తే మట్టిలోకి దిగాల్సిందే. ఈ ముక్కకు పెద్ద పేరేమీ లేదు. నాకు మాత్రం మొత్తం ప్రయాణంలో బండి నడపడానికి ఇంతకంటే సుఖమైన దారి కనబడలేదు.

పద్మనాభం కొండ మీద అనంత పద్మనాభస్వామి గుడి. కొండ కింద, 1794 జూలై 10న, ఈస్టిండియా కంపెనీ సైన్యంతో పోరాడుతూ విజయనగరం రాజు చిన విజయరామరాజు చనిపోయాడు. పేష్కష్, అంటే కంపెనీకి కట్టాల్సిన కప్పం, బకాయిలతో మొదలైన తగువు అది. ఆ తరవాత ఉత్తరాంధ్రలో కంపెనీ పట్టు బిగిసింది. ఇంత పెద్ద సంగతికి రోడ్డు మీద పోయేవాడిని ఆపే ఆనవాలు పెద్దగా లేదు. మెట్లెక్కి వచ్చి కొబ్బరి బొండం తాగి బయల్దేరేవాళ్ళే ఎక్కువ.

ఇక్కడి నుంచి శృంగవరపుకోటకు తిన్నగా పోవచ్చు. అరగంట ఎక్కువైనా ఫర్వాలేదనుకుంటే తాటిపూడి వైపు తిరగండి. 1960లలో గోస్తనికి అడ్డంగా కట్టిన జలాశయం ఇది. విశాఖ కుళాయిల్లోకి ఇక్కడి నుంచీ నీళ్ళు వెళతాయి. గట్టు మీద నిలబడితే నీళ్ళకు అవతల తూర్పు కనుమలు మొదటిసారి దగ్గరగా, నీలంగా కనిపిస్తాయి. రేపు ఎక్కబోయేది వాటినే.

గేరే బ్రేకు

శృంగవరపుకోట, అందరి నోట ఎస్.కోట, మైదానంలో ఆఖరి పెద్ద ఊరు. టైర్లలో గాలి, బ్రేకులు, క్లచ్ కేబుల్ ఇక్కడే చూపించుకోవాలి. ఓ మెకానిక్ నా బండి వెనక బ్రేకు బిగించి, "ఎక్కినప్పుడు ఏ గేరో దిగినప్పుడూ అదే గేరు బాబూ. బ్రేకు మీద దిగినోడు మళ్ళీ నా కాడికే వస్తాడు" అన్నాడు. ఘాట్ డ్రైవింగ్ మీద ఎన్ని వీడియోలు చూసినా ఇంతకంటే ఎక్కువ లేదు. దిగేటప్పుడు బ్రేకు తొక్కిపట్టి ఉంచితే డ్రమ్ము వేడెక్కుతుంది. వేడెక్కిన లైనర్లు పట్టు వదిలేస్తాయి. సెకండ్ గేరులో వదిలేస్తే ఇంజినే బండిని పట్టి ఉంచుతుంది. న్యూట్రల్‌లో పెట్రోలు మిగులుతుందని దిగేవాళ్ళు ఇప్పటికీ ఉన్నారు. వాళ్ళకు దణ్ణం పెట్టి దారి ఇవ్వండి.

ఇంకో సంగతి. కొండ దారిలో ఎక్కే బండికే ముందు దారి. ఇది మర్యాద మాత్రమే కాదు, కేంద్రం 2017లో తెచ్చిన డ్రైవింగ్ నిబంధనల్లోనే ఉంది. ఎక్కుతూ మధ్యలో ఆగిన లారీకి మళ్ళీ కదలడం కష్టం. ఆర్టీసీ డ్రైవర్లు ఇది తూచా తప్పకుండా పాటిస్తారు. టూరిస్టు కార్లు పాటించవు. మలుపులో హారన్ కొట్టి, ఎడమ అంచు వదలకుండా తిరగడమే మన చేతిలో ఉన్నది.

బౌడారా దాటాక ఎక్కుడు మొదలవుతుంది. టైడా, డముకు, గాలికొండ. పేర్లు వరసగా వస్తుంటే ఒళ్ళు చల్లబడుతూ ఉంటుంది. ఈ ఘాట్‌లో రోడ్డు ఒంటరి కాదు. పక్క కొండ నడుము మీద కొత్తవలస-కిరండూల్ రైలు మార్గం కనిపిస్తూ మాయమవుతూ ఉంటుంది. బైలదిల్లా గనుల ఇనప ఖనిజాన్ని విశాఖ రేవుకు తెచ్చి జపాన్‌కు పంపడం కోసం 1960లలో వేసిన లైను. 58 సొరంగాలు. శిమిలిగుడ స్టేషన్ చాలాకాలం దేశంలో అన్నిటికంటే ఎత్తైన బ్రాడ్‌గేజ్ స్టేషన్‌గా పేరు మోసింది. డముకు దగ్గర బండి ఆపి టీ తాగుతుంటే కింద లోయలో ఎర్రటి ధూళి పట్టిన వ్యాగన్లు అలా వస్తూనే ఉంటాయి. లెక్కపెట్టడం మొదలుపెడితే టీ చల్లారిపోతుంది.

గాలికొండకు ముందే బొర్రాకు దారి చీలుతుంది. గుహ సంగతి వేరే చెప్పక్కర్లేదు, పిల్లలు కూడా చూసే ఉంటారు. గోస్తనిని సముద్రం దగ్గర చూసి వచ్చి ఇక్కడ మళ్ళీ చూడటంలో తేడా ఉంది. కింద ఆ మేట దగ్గర తీరిగ్గా పడుకున్న నదేనా ఇంత కొండను లోపల్నుంచి తవ్వింది!

కాఫీ నీడలో

అనంతగిరి నుంచి అరకు దాకా రోడ్డుకు రెండు వైపులా సిల్వర్ ఓక్ చెట్లు, వాటిని పట్టుకుని ఎగబాకిన మిరియాల తీగలు, కింద నీడలో కాఫీ. ఇక్కడి కాఫీ మొక్కకు నేరుగా పడే ఎండ కంటే నీడే మేలు కాబట్టి ఈ మూడంతస్తుల సాగు. మార్చి, ఏప్రిల్‌లలో ఒక వాన పడితే చాలు, తోటంతా తెల్లగా పూసి హెల్మెట్ లోపలికి కూడా మల్లెపూల లాంటి వాసన వస్తుంది. నవంబరు నుంచి జనవరి దాకా ఎర్రటి పండ్ల కోత. అరకు వేలీ అరబికా కాఫీకి 2019లో భౌగోళిక గుర్తింపు దక్కింది. పారిస్‌లో అరకు పేరుతోనే దుకాణం ఉంది. రోడ్డు పక్క పాకలో దొరికే ఫిల్టర్ కాఫీకి మాత్రం ఆ హంగేమీ లేదు. చిక్కగా ఉంటుంది, చక్కెర ఎక్కువ వేస్తారు. ముందే చెప్పుకోవాలి.

నవంబరు, డిసెంబరుల్లో వస్తే వలిసె పూలు. కొండ వాలు మొత్తం పసుపు. నూనె గింజల పంట అది, రైతుకు రూపాయి తెచ్చేది. ఫొటో కోసం చేలో అడ్డంగా తొక్కేవాళ్ళ వల్ల విసిగి కొందరు రైతులు లోపలికి వెళ్ళడానికి డబ్బు తీసుకుంటున్నారు. న్యాయమే.

అరకు దాటితే టూరిస్టు కార్లు తగ్గిపోతాయి. డుంబ్రిగూడ, చాపరాయి, హుకుంపేట మీదుగా పాడేరు సుమారు 45 కిలోమీటర్లు. సంత జరిగే రోజైతే రోడ్డంతా మనుషులే. పసుపు, పిప్పళ్ళు, రాజ్మా, అడ్డాకుల కట్టలు. జీపు టాపు మీద కూర్చున్నవాళ్ళు, ఒకే స్ప్లెండర్ మీద నలుగురు. పెద్ద ఇంజిన్ బండి వేసుకుని పోయే మనల్ని ఆ స్ప్లెండర్ ఘాట్‌లో నవ్వుతూ దాటిపోతుంది. అతనికి ఆ మలుపులు ఇంటి గడప లాంటివి. ఏప్రిల్ ప్రాంతంలో ఇటుకల పండగ రోజుల్లో ఊరూరా ఆడవాళ్ళు రోడ్డుకు అడ్డంగా కర్ర పెట్టి బండ్లు ఆపుతారు. పండక్కి తలో కాస్త ఇవ్వాలి. చిల్లర జేబులో ఉంచుకోండి. విసుక్కోకండి, వాళ్ళ ఊళ్ళో వాళ్ళ పండగ.

పెట్రోలు సంగతి కూడా. అరకు, పాడేరు, చింతపల్లి లాంటి చోట్ల బంకులున్నాయి. మధ్యలో అయిపోతే కిరాణా కొట్టు ముందు వేలాడే సీసాలే దిక్కు. అందులో ఏముందో పోసినవాడికే తెలియాలి.

రోడ్డు అందాన్ని పొగిడేముందు పాడేరు దగ్గర ఆగి ఆలోచించాల్సింది ఒకటుంది. రోడ్డే లేని గూడేలు ఈ కొండల మీద ఇంకా ఉన్నాయి. నొప్పులొచ్చిన గర్భిణిని డోలీ కట్టి మోసుకొచ్చారన్న వార్త ప్రతి వానాకాలం పేపర్లో వస్తుంది. అందుకే 2018లో ఫీడర్ అంబులెన్సులని బైకు అంబులెన్సులు తెచ్చారు. పక్కన తొట్టి లాంటి మంచం బిగించిన మోటారు సైకిళ్ళు. వ్యాన్ పోలేని బాటలో పోయి రోగిని రోడ్డు దాకా తేవడం వాటి పని. అదే రెండు చక్రాల బండి మనకు సరదా, ఇక్కడ కొందరికి ప్రాణం.

వంజంగి గురించి రెండు ముక్కలు. పాడేరు పక్కనే, సూర్యోదయానికి మేఘాలు లోయ నిండా సముద్రంలా పరుచుకునే కొండ. నిజంగానే అంత బాగుంటుంది. శని, ఆదివారాల్లో చీకట్లోనే కిందిదాకా బండ్ల వరస. వారం మధ్యలో వెళ్ళండి.

కూలి ఎగ్గొట్టిన రోడ్డు

పాడేరు నుంచి జి.మాడుగుల, కొత్తపల్లి జలపాతం, తాజంగి మీదుగా లంబసింగి. చలికాలంలో ఉష్ణోగ్రత సున్నాకు పడిందన్న వార్తలతో జనం తండోపతండాలుగా వస్తారు. చింతపల్లి వ్యవసాయ పరిశోధన కేంద్రంలో నమోదయ్యే అంకెలు మామూలుగా అంత నాటకీయంగా ఉండవు. అయినా ఒంటి అంకె చలి కూడా బాగానే వణికిస్తుంది. బండి మీద పోయేటప్పుడు గాలి వేగం తోడై చేతివేళ్ళు క్లచ్ మీద ఉన్నాయో లేవో తెలీదు. గ్లవ్స్ లేకుండా రావడం తప్పు. పొగమంచులో హై బీమ్ వేస్తే తెల్లగోడ తప్ప ఏమీ కనిపించదు. లో బీమ్ వేసి ఎడమ అంచున తెల్లగీత పట్టుకుని పోవాలి.

లంబసింగి నుంచి నర్సీపట్నం దిగే ఘాట్‌ను బండి గుంపులు తెగ మెచ్చుకుంటాయి. దట్టమైన అడవి, ఒకదాని తరవాత ఒకటి వంపులు. ఈ అడవిలో రోడ్లు ఎలా వచ్చాయో తెలిస్తే ఆ వంపులు ఇంకోలా కనిపిస్తాయి. గూడెం డిప్యూటీ తాసీల్దారు బాస్టియన్ గిరిజనుల చేత ఇక్కడ రోడ్డు పనులు చేయించాడు. కూలి సరిగా ఇవ్వలేదు, ఎదురు చెప్పినవాళ్ళను కొట్టించాడు. అడవి చట్టాలు పోడు వ్యవసాయానికి అప్పటికే అడ్డం పడుతున్నాయి. ఈ రెండూ కలిసి మండిన మంటే అల్లూరి సీతారామరాజు వెంట నడిచిన మన్యం పితూరీ. 1922 ఆగస్టు 22న చింతపల్లి పోలీస్ స్టేషన్, 23న కృష్ణదేవిపేట, 24న రాజవొమ్మంగి. మూడు రోజుల్లో మూడు ఠాణాల తుపాకులు వాళ్ళ చేతికొచ్చాయి. సెప్టెంబరు 24న దామనపల్లి ఘాట్‌లో పొంచి ఉండి కొట్టిన దెబ్బకు ఇద్దరు తెల్ల అధికారులు చనిపోయారు. ఘాట్ మలుపులు ఎవరికి తెలిస్తే వాళ్ళ పక్షమే.

వీలుంటే లంబసింగి నుంచి చింతపల్లికి పక్కకెళ్ళి రండి. దిగేటప్పుడు కృష్ణదేవిపేటలో సీతారామరాజు సమాధి దగ్గర ఆగండి. 1924 మే 7న ఆయన్ను కాల్చి చంపాక ఇక్కడే అంత్యక్రియలు జరిపారు. ఆయన అనుచరుడు గాం మల్లుదొర అండమాన్ శిక్ష అనుభవించి బతికి వచ్చి, 1952లో తొలి లోక్‌సభకు ఎన్నికయ్యాడు. మన బడి పుస్తకాల్లో ఆయన పేరు ఎందుకు చిన్నదైపోయిందో మరి.

ఈ దారికీ రోజులు మారుతున్నాయి. రాజమహేంద్రవరం నుంచి కొయ్యూరు, లంబసింగి, పాడేరు, అరకుల మీదుగా విజయనగరం దాకా జాతీయ రహదారి 516-ఈ పేరుతో వెడల్పు పనులు ముక్కలు ముక్కలుగా సాగుతున్నాయి. కొన్నిచోట్ల కొండ తొలిచి మలుపులు సడలించారు. కొన్నిచోట్ల వాన పడగానే తవ్విన మట్టి రోడ్డు మీదికి జారుతోంది. బండి వాళ్ళకు ఇది నష్టమే. డోలీ మోసేవాళ్ళను అడిగితే వేరే జవాబు వస్తుంది. నేను ఆ జవాబు పక్షమే.

సముద్రం కొరుకుతున్న రోడ్డు

నర్సీపట్నం దాటాక ఒంటి మీంచి స్వెట్టర్ దిగుతుంది. ఒక పక్కన తాండవ జలాశయం, దాని కింద వరి మళ్ళు. తాండవ నది తుని, పాయకరావుపేటల మధ్య నుంచి పారి పెంటకోట దగ్గర సముద్రంలో పడుతుంది. తునిలో ఎండాకాలమైతే మామిడి పండ్ల బుట్టలు బండికి కట్టుకోకుండా కదలబుద్ధి కాదు.

తుని నుంచి కాకినాడకు అందరూ జాతీయ రహదారి పడతారు. మనం తొండంగి వైపు తిరిగి ఒడ్డు రోడ్డు ఎక్కుదాం. రొయ్య పిల్లల హేచరీలు, సరుగుడు తోటలు, ఎండుచేపల పందిళ్ళు. కోనపాపపేట దాటాక రోడ్డుకూ అలలకూ మధ్య అడుగుల దూరమే మిగులుతుంది. హోప్ ఐలాండ్ చాటున కాకినాడ రేవు నిశ్చింతగా ఉంటుంది. ఆ చాటు అందని చోట ఉప్పాడ ఉంది. ఇళ్ళు, గుళ్ళు, పాత రోడ్డు ఏళ్ళ తరబడి సముద్రంలోకి పోతూనే ఉన్నాయి. ఇసుక నింపిన జియోట్యూబులు పేర్చారు, రాళ్ళు పోశారు. ప్రతి తుపానుకూ మళ్ళీ మొదటికే. తారు పలకలుగా విరిగి ఇసుకలో నిలబడి ఉంటుంది. దాని పక్కనుంచే కొత్తగా పోసిన కంకర మీద ఆటోలు పోతుంటాయి. ఇదే ఊళ్ళో లోపలి వీధుల్లో మగ్గాల మీద జాందానీ చీరలు నేస్తున్నారు. ఆ నేతకు భౌగోళిక గుర్తింపు వచ్చి పదిహేనేళ్ళు దాటింది. ఒక చీర తయారవడానికి వారాలు పడుతుంది. చూడనిస్తారు. అడిగి లోపలికెళ్ళండి, బేరం మాత్రం ఆడకండి.

ఇక్కడ అలలు రోడ్డు మీద విరుచుకుపడుతుంటే తడుస్తూ దాటడం కుర్రకారుకు పందెం. ఆ నీటి కింద గుంత ఉందో, రాయి ఉందో, అసలు రోడ్డే ఉందో లేదో తెలీదు. బంగాళాఖాతంలో వాయుగుండం ఉందంటే పోలీసులు ఉప్పాడ, కాకినాడ మధ్య బండ్లు ఆపేస్తారు. వాళ్ళతో వాదన పెట్టుకోకుండా యు.కొత్తపల్లి మీదుగా పిఠాపురం వైపు తిరిగితే అరగంట ఆలస్యంగా కాకినాడ చేరతారు.